నాలుగేళ్ళకోసారి గుర్తొచ్చే జట్టు
దక్షిణ కొరియా హ్యాండ్‌బాల్ వనితల నలభై ఏళ్ళ కథ

(గ్రామీణ విలేఖరి)

హైస్కూలు మైదానంలో డ్రిల్లు మాస్టారు సున్నంతో గీతలు గీయించి ఆడపిల్లల చేత హ్యాండ్‌బాల్ ఆడిస్తున్నారు. పొలం నుంచి వస్తూ గట్టుమీద ఆగిన ఒక పెద్దాయన కాసేపు చూసి, "ఇదేం ఆటయ్యా, ఫుట్‌బాలును చేత్తో ఆడుతున్నారు?" అని నన్ను అడిగాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో తెలిసినట్టు ఈ ఆట మన పల్లెల్లో తెలియదు. తెలియని ఆటలో తెలియని దేశపు ఆడవాళ్ళు ఏం సాధిస్తే మనకేమిటని అనుకోవచ్చు. అయితే ఈ కథ ఒకసారి విన్నాక ఆ మాట అనేవారు తక్కువ.

ముందు ఆట సంగతి. జట్టుకు ఏడుగురు, అందులో ఒకరు గోల్‌కీపరు. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. గోలు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. గోలు ముందు 6 మీటర్ల దూరంలో వంపుగా ఒక గీత ఉంటుంది. దాని లోపల గోల్‌కీపరు తప్ప మరెవ్వరూ కాలు మోపరాదు. అందువల్ల ఆడేవాళ్ళు గీత బయటినుంచి గాలిలోకి ఎగిరి, కాలు నేలకు తాకేలోపల బంతిని విసరాలి. బంతి చేతిలో ఉండగా మూడడుగులకు మించి వేయకూడదు, మూడు సెకన్లకు మించి ఉంచుకోకూడదు. ఎదుటివారు ఒంటిని అడ్డుపెట్టి ఆపవచ్చు. మోటుగా ఆపితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. గోలయ్యే అవకాశాన్ని అక్రమంగా అడ్డుకుంటే 7 మీటర్ల నుంచి పెనాల్టీ త్రో ఇస్తారు. అరగంట చొప్పున రెండు భాగాలు. ఫుట్‌బాలులో ఒక్క గోలుకు గంటసేపు ఎదురుచూడాలి. ఇక్కడ గంటలో ఒక్కో జట్టు ఇరవై, ముప్పై గోళ్ళు చేస్తుంది. కబడ్డీలోని పట్టు, పరుగు పందెంలోని వేగం రెండూ ఇందులో ఉన్నాయని మాస్టారు చెప్పినమాట నిజమే.

ఇది ఐరోపావారి ఆట. డెన్మార్క్‌లో హోల్గర్ నీల్సన్ అనే బడిపంతులు దీనికి నియమాలు రాసి 1906లో అచ్చు వేయించాడు. అక్కడ, పక్కనున్న నార్వే, స్వీడన్ దేశాల్లో చిన్న ఊళ్ళలో సైతం క్లబ్బులుంటాయి. చలికాలం ఆరు నెలలూ ఇంటి కప్పు కింద ఆడుకోవడానికి వాళ్ళకు వీలైన ఆట. ఆ దేశాల ఆడవాళ్ళు పొడగరులు, భుజబలం గలవారు. మహిళల హ్యాండ్‌బాలును ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చింది 1976లో, మాంట్రియల్‌లో. ఆ ఏడాది, తర్వాత 1980లో, రెండుసార్లూ సోవియట్ యూనియన్ గెలిచింది. ఆసియా ఖండపు జట్టు ఒకటి ఈ ఆటలో పతకం పట్టుకొస్తుందని అప్పట్లో ఎవరైనా అంటే నవ్వేవారు.

సొంతగడ్డపై స్వర్ణం

1988 ఒలింపిక్స్‌ను సియోల్ నగరంలో జరపాలని 1981లో నిర్ణయమైంది. ఇంటికి చుట్టాలను పిలిచాక ఇల్లు అలికి ముగ్గు పెట్టుకోక తప్పదు కదా! కొరియా ప్రభుత్వం ఆటలమీద డబ్బు, శ్రద్ధ రెండూ పెట్టింది. సియోల్ శివార్లలో తేరంగ్ అనే చోట 1966 నుంచి ఉన్న శిక్షణ శిబిరంలో క్రీడాకారులను ఉంచి సాధన చేయించేవారు. హ్యాండ్‌బాల్ ఆడపిల్లలు పొడవులో ఐరోపావాళ్ళకు చాలరు. ఆ లోటును కాళ్ళతో తీర్చుకున్నారు. బంతి దొరికిందే తడవు ఎదుటి గోలువైపు పరుగు. ఎదుటివాళ్ళు వెనక్కి తిరిగి సర్దుకునేలోగా గోలు. ఎత్తున్నవాళ్ళ చేతుల కిందినుంచి, పక్కనుంచి, మణికట్టు తిప్పి బంతిని మెలిపెట్టి విసరడం వారి విద్య. ఈ పద్ధతికి ఊపిరి కావాలి. గంటసేపు ఆగకుండా పరుగెత్తగలిగిన వారికే ఇది పనికొస్తుంది.

1984 లాస్ ఏంజిలిస్‌లో సోవియట్, దాని మిత్రదేశాలు చాలా రాలేదు. ఆ పోటీల్లో యుగోస్లావియాకు స్వర్ణం, కొరియాకు రజతం, చైనాకు కాంస్యం వచ్చాయి. గట్టివాళ్ళు రాలేదు కనుక వచ్చిందని చెవులు కొరుక్కున్నవారూ ఉన్నారు. దానికి సమాధానం నాలుగేళ్ళ తర్వాత సియోల్‌లో దొరికింది. చివరి మ్యాచిలో సోవియట్ యూనియన్‌ను 21-19తో ఓడించి కొరియా ఒలింపిక్ విజేత అయింది. నార్వే రెండో స్థానంలోను, సోవియట్ మూడో స్థానంలోను నిలిచాయి. జట్టుగా ఆడే ఆటల్లో కొరియాకు ఒలింపిక్ స్వర్ణం రావడం అదే మొదలు. మగవాళ్ళ జట్టు కూడా ఆ పోటీల్లో రజతం గెలిచింది. ఆ ఇంట ఆడపడుచులే ఒక మెట్టు పైన నిలిచారన్నమాట. మరుసటి ఏడాది, 1989లో, ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణిగా కొరియాకు చెందిన కిమ్ హ్యోన్ మీని ఎంపిక చేశారు.

ఇంటి ముంగిట గెలవడం వేరు, పరాయిచోట గెలవడం వేరు. 1992 బార్సిలోనా ఫైనల్లో నార్వేను 28-21తో ఓడించి వరుసగా రెండో స్వర్ణం పట్టుకుపోయారు. ఏడు గోళ్ళ తేడా ఫైనల్లో చిన్నది కాదు. 1995లో ప్రపంచ పోటీలు ఆస్ట్రియా, హంగేరి దేశాల్లో జరిగాయి. ఫైనల్లో హంగేరిని 25-20తో ఓడించి కొరియా ప్రపంచ విజేత అయింది. ఐరోపా బయటి జట్టుకు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. మళ్ళీ బయటివాళ్ళు గెలవడానికి 2013లో బ్రెజిల్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

అక్కడినుంచి డెన్మార్క్ అడ్డుపడింది. 1996 అట్లాంటా ఫైనల్లో అదనపు సమయం దాకా సాగిన ఆటలో డెన్మార్క్ 37-33తో గెలిచింది. 2000 సిడ్నీలో కొరియాకు నాలుగో స్థానం. కాంస్యం కోసం ఆడిన మ్యాచిలో నార్వే చేతిలో ఒక్క గోలు తేడాతో, 22-21తో ఓడారు.

ఆరుబయలు బంతి

ఇన్ని పతకాలు తెచ్చిన ఆటకు ఆ దేశంలో ఎంత ఆదరణ ఉండాలి? ఉండనే ఉండదు. అక్కడివారికి బేస్‌బాలు, ఫుట్‌బాలు మీద ఉన్న మోజు దీనిమీద లేదు. కొరియా భాషలో 'హాందే' అంటే ఇల్లూ నీడా లేని బయలు. హ్యాండ్‌బాల్ పేరును విరిచి 'హాందేబాల్' అని ఎగతాళి చేస్తారు. అంటే వాకిలి బయట చలికి వదిలేసిన బంతి అని అర్థం. ఒలింపిక్స్ వచ్చినప్పుడు దేశమంతా టీవీల ముందు కూర్చుని కేకలు పెడుతుంది. పతకం వచ్చాక పదిరోజులు పొగుడుతారు. ఆ తర్వాత దేశంలో జరిగే మ్యాచిలకు కుర్చీలు ఖాళీ.

మన దగ్గర రైల్వే, పోలీసు జట్లున్నట్టు అక్కడ కంపెనీలు, నగరపాలక సంస్థలు జట్లను పోషిస్తాయి. కంపెనీకి నష్టం వస్తే ముందు ఎత్తేసేది ఆటల జట్టునే. ఏథెన్స్ ఒలింపిక్స్ నాటికి ఆ దేశంలో పెద్దల స్థాయి మహిళా జట్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. అందువల్ల మంచి ఆటగత్తెలు జపానుకు, ఐరోపాకు వలస వెళ్ళి ఆడేవారు. ఇమ్ ఓ క్యోంగ్ వీరిలో ఒకరు. 1996లో ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైన ఈమె జపానులోని హిరోషిమా జట్టులో ఆడుతూ ఆ జట్టుకే శిక్షణ కూడా ఇచ్చారు. కొరియావారి పేర్లలో మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. 'ఇమ్' ఇంటిపేరు, 'ఓ క్యోంగ్' పెట్టిన పేరు.

2004లో ఏథెన్స్‌కు జట్టు కట్టవలసి వచ్చినప్పుడు వెనక సరిపడా కొత్తవాళ్ళు లేరు. శిక్షకుడు ఇమ్ యోంగ్ చోల్ పాతవాళ్ళకు కబురు పెట్టాడు. ముప్పై దాటిన ఇమ్ ఓ క్యోంగ్ వచ్చారు. 1992 బార్సిలోనాలో పందొమ్మిదేళ్ళ పిల్లగా స్వర్ణం గెలిచిన ఓ సోంగ్ ఓక్ ఉన్నారు. ఇద్దరూ అప్పటికి తల్లులు. గోల్‌కీపరు ఓ యోంగ్ రాన్ కూడా ముప్పై దాటినావిడే. పిల్లల్ని ఇంట్లో ఎవరికో అప్పగించి ఆటకు వచ్చిన ఈ ఆడవాళ్ళు ఫైనల్ దాకా వెళతారని వారి దేశంలోనే ఎక్కువమంది అనుకోలేదు.

ఫైనల్ 2004 ఆగస్టు 29న జరిగింది. ఎదుట మళ్ళీ డెన్మార్క్. అప్పటికి వరుసగా రెండు ఒలింపిక్స్ గెలిచి మూడోదానికి వచ్చిన జట్టు. గంట ముగిసేసరికి 25-25. అయిదు నిమిషాల చొప్పున రెండు భాగాలుగా పది నిమిషాలు అదనంగా ఆడించారు. 29-29. మరో పది నిమిషాలు. 34-34. అప్పటికి ఎనభై నిమిషాల ఆట అయింది. పరుగే బలంగా ఆడే జట్టుకు ఇరవై నిమిషాలు అదనంగా పరుగెత్తడం ఎంత కష్టమో నాట్లు వేసే తల్లులకు వేరే చెప్పనక్కర్లేదు. మడి అయిపోయిందని నడుము ఎత్తేసరికి పక్కమడి చూపిస్తే ఎలా ఉంటుంది?

చివరకు పెనాల్టీ త్రోలు. డెన్మార్క్ నాలుగు వేసింది, కొరియా రెండే వేయగలిగింది. లెక్క 38-36. స్వర్ణం పోయింది. కోర్టుమీదనే కూలబడి ఏడ్చిన ఆ ఆడవాళ్ళ బొమ్మలు మర్నాడు కొరియా పత్రికల నిండా వచ్చాయి. ఆ దేశంలో చాలామంది ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నది 1988, 1992 స్వర్ణాలను కాదు, ఈ రజతాన్ని. దర్శకురాలు ఇమ్ సూన్ రే ఈ కథ ఆధారంగా తీసిన సినిమా 2008 జనవరిలో విడుదలై బాగా ఆడింది. థియేటర్లు నిండాయి, స్టేడియాలు నిండలేదు. ఇది కాస్త కటువుగా ఉన్నా అనక తప్పని మాట.

ఈల ఊదినవాడి తగవు

సినిమా ఆడుతున్న రోజుల్లోనే అసలు జట్టు బీజింగ్‌కు వెళుతుందో లేదో తెలియని పరిస్థితి. 2007లో జరిగిన ఆసియా అర్హత పోటీల్లో మహిళల విభాగంలో కజకిస్తాన్ గెలిచింది. రిఫరీలు పక్షపాతం చూపారని కొరియా, జపాన్ గోలపెట్టాయి. అంతర్జాతీయ సమాఖ్య ఆ మాటను అంగీకరించి పోటీలు మళ్ళీ పెట్టమంది. 2008 జనవరిలో టోక్యోలో జరిగిన మ్యాచిలో కొరియా మహిళలు జపానును 34-21తో ఓడించారు. ఇక చిక్కు తీరిందనుకున్నారు. తగవు క్రీడల న్యాయస్థానానికి వెళ్ళింది. మార్చిలో తీర్పు వచ్చింది. మగవాళ్ళ విషయంలో మళ్ళీ ఆడిన మ్యాచి చెల్లుతుందట, ఆడవాళ్ళది చెల్లదట! కజకిస్తాన్‌కే అర్హత ఖాయమైంది. కొరియా ఆడవాళ్ళు మూటాముల్లె సర్దుకుని అదే నెలలో ఫ్రాన్స్ వెళ్ళి, అక్కడ జరిగిన ప్రపంచ స్థాయి అర్హత పోటీలో నెగ్గి దారి సంపాదించుకున్నారు. అన్నదమ్ములకు ఒక తీర్పు, అక్కచెల్లెళ్ళకు మరొకటి వచ్చినప్పుడు నోరు చేసుకోవడం ఒక పద్ధతి, మళ్ళీ ఆడి గెలవడం ఒక పద్ధతి. వీళ్ళు రెండూ చేశారు.

ఏథెన్స్‌లో ఓడించిన డెన్మార్క్ బీజింగ్‌కు అర్హతే పొందలేదు. బాకీ తీర్చుకునే అవకాశం లేకపోయింది. సెమీఫైనల్లో నార్వే ఎదురైంది. చివరి నిమిషాల్లో వెనకబడ్డ కొరియా ఒక్కో గోలూ కూడగట్టి 28-28 చేసింది. గంట ముగియడానికి కొద్ది సెకన్లే మిగిలాయి. నార్వే బంతిని వెంటనే మధ్యకు తెచ్చి విసిరింది. ఆ జట్టు నాయకురాలు గ్రో హామర్సెంగ్ వేసిన బంతి గోల్లో పడింది, గంటా మోగింది. ఏది ముందు, ఏది వెనక? రిఫరీలు గోలు ఇచ్చారు. గంట మోగేటప్పటికి బంతి గీత దాటలేదని కొరియా ఫిర్యాదు చేసింది. సమాఖ్య తోసిపుచ్చింది. 29-28తో ఫైనల్ చేరిన నార్వే స్వర్ణం కూడా గెలిచింది.

మిగిలింది కాంస్యం మ్యాచి, హంగేరితో. ఇందులో కొరియా 33-28తో గెలిచింది. ఆ స్కోరుకంటే ఆఖరి నిమిషంలో జరిగిన ముచ్చట గొప్పది. గెలుపు ఖాయమయ్యాక శిక్షకుడు ఇమ్ యోంగ్ చోల్ టైమవుట్ అడిగాడు. గెలుస్తున్నవాడు టైమవుట్ ఎందుకు అడిగాడో చూసేవాళ్ళకు అర్థం కాలేదు. కోర్టులో ఉన్న చిన్నవాళ్ళను పిలిచి, పెద్దవాళ్ళకు చోటిమ్మని చెప్పాడు. మళ్ళీ ఒలింపిక్స్ ఆడతారో లేదో తెలియని ఆ అక్కలు చివరి క్షణాలు కోర్టులో గడపాలని ఆయన ఉద్దేశం. ముప్పై అయిదేళ్ళ ఓ సోంగ్ ఓక్, గోల్‌కీపరు ఓ యోంగ్ రాన్, 1992 నాటి హోంగ్ జోంగ్ హో తదితరులు లోపలికి వచ్చారు. గంట మోగేసరికి వాళ్ళే కోర్టులో ఉన్నారు. ఓ సోంగ్ ఓక్‌కు అది అయిదో ఒలింపిక్స్. ఆమె పెట్టెలో స్వర్ణం ఒకటి, రజతాలు రెండు, ఇప్పుడు కాంస్యం ఒకటి.

వెనక వచ్చేవారు ఎవరు?

1984 నుంచి 2012 దాకా ఎనిమిది ఒలింపిక్స్‌లో ఒక్కసారీ ఈ జట్టు మొదటి నాలుగు స్థానాల కిందికి దిగలేదు. రెండు స్వర్ణాలు, మూడు రజతాలు, ఒక కాంస్యం. 2012 లండన్‌లో నాలుగో స్థానం. అక్కడా కాంస్యం మ్యాచి రెండు అదనపు సమయాలు నడిచి స్పెయిన్ 31-29తో గెలిచింది. హ్యాండ్‌బాలుకంటూ సియోల్‌లో ఒక ప్రత్యేక స్టేడియం ఏర్పడింది 2011లో. స్వర్ణం వచ్చిన ఇరవైమూడేళ్ళకు!

2016 రియోలో మొదటిసారి గ్రూపు దశలోనే ఇంటిముఖం పట్టారు. ఆ జట్టుకు గోల్‌కీపరు ఎవరో తెలుసా? 2008లో చివరి నిమిషం ఆడి వీడ్కోలు తీసుకుందనుకున్న ఓ యోంగ్ రాన్! నలభై మూడేళ్ళ వయసులో మళ్ళీ పిలిచారు. ఆమె పట్టుదలకు చేతులెత్తి మొక్కవచ్చు. కాని నలభై మూడేళ్ళావిడను పిలవవలసి రావడం ఆ దేశానికి గౌరవమా అనే ప్రశ్న మిగిలే ఉంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ 39-30తో ఓడించింది.

2024 పారిస్‌కు కొరియా నుంచి ఫుట్‌బాలు, వాలీబాలు, బాస్కెట్‌బాలు జట్లు ఏవీ అర్హత పొందలేదు. జట్టుగా ఆడే బంతి ఆటల్లో ఆ దేశం తరఫున వెళ్ళింది ఈ ఆడవాళ్ళొక్కరే. అది వరుసగా పదకొండో ఒలింపిక్స్. స్వీడన్ దేశస్థుడు హెన్రిక్ సిగ్నెల్ శిక్షకుడు. మొదటి మ్యాచిలో జర్మనీని 23-22తో ఓడించి ఆశ పుట్టించారు. తర్వాత నాలుగు మ్యాచిలూ ఓడి గ్రూపు దశలోనే ఆగిపోయారు.

ఆసియాలోనూ పట్టు సడలింది. 1990లో ఆసియా క్రీడల్లో మహిళల హ్యాండ్‌బాల్ మొదలైనప్పటి నుంచి స్వర్ణం కొరియాదే అనుకునేవారు. 2010లో ఒక్కసారి తప్పింది. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో ఫైనల్లో జపాన్ 29-19తో, ఏకంగా పది గోళ్ళ తేడాతో ఓడించింది. అంతకు రెండు నెలల ముందే హిరోషిమాలో ఇదే జపానును 25-24తో ఓడించి కొరియా పారిస్‌కు అర్హత పొందింది. ఒక్క గోలు అటూ ఇటూ అయివుంటే పదకొండు ఒలింపిక్స్ లెక్క పదితోనే ఆగేది. ఓ సోంగ్ ఓక్ లాంటి ఆడవాళ్ళు పదహారేళ్ళు మోసిన బరువును మోయడానికి వెనక తరం తగినంత తయారుకాలేదన్నది నా అభిప్రాయం. నాలుగేళ్ళకోసారి చప్పట్లు కొట్టి మధ్యలో మరిచిపోతే ఏ దేశంలోనైనా జరిగేది ఇదే.

ఈ కథలో చివరి ఘట్టం మన దేశంలోనే జరిగింది. 2024 డిసెంబరు 3 నుంచి 10 వరకు న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియంలో ఆసియా మహిళల హ్యాండ్‌బాల్ పోటీలు నిర్వహించారు. మన భారత జట్టు కూడా ఆడింది. అప్పటికి కొరియా ఈ పోటీని 16 సార్లు గెలిచింది, అందులో చివరి ఆరూ వరుసగా గెలిచినవి. ఫైనల్ మళ్ళీ జపానుతోనే. మళ్ళీ 25-24 లెక్కే. అయితే ఈసారి 25 జపానుది. క్రికెట్ అయితే ఊరూరా చెప్పుకునేవారు కాని, ఢిల్లీలో ఇంత ఆట జరిగిందని మన జిల్లాలో ఎంతమందికి తెలుసో! మా హైస్కూలు పిల్లలకు మాస్టారు చెబితేనే తెలిసింది. కొరియాను ఓడించిన జట్టు ఎవరిదని వాళ్ళు అడిగారట గాని, కొరియా ఎవరని ఒక్కరూ అడగలేదట.

ఢిల్లీ పోటీల్లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జపాన్, కొరియా, కజకిస్తాన్, ఇరాన్ జట్లు 2025 ప్రపంచ పోటీలకు అర్హత పొందాయి. ఆ నలుగురిలో మన జట్టు లేదు.